అరోరా పరిగెడుతుంటే షట్టర్ ఎన్ని సెకన్లు?

ఈ సంచికలో ప్రశ్నల శీర్షికంతా అరోరా (ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో తెరల్లా ఊగే రంగుల వెలుగు) ఫొటోలకే ఇచ్చేశాం. చలికాలానికి నార్వే, ఐస్‌లాండ్ టికెట్లు కొనుక్కున్నవాళ్లు, అమెరికాలో ఇంటి పెరట్లోంచే చూడాలనుకునేవాళ్లు, లద్దాఖ్ ఫొటోలు చూసి ఆశపడ్డవాళ్లు అడిగినవి ఇవి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం.

ఫిబ్రవరిలో నాలుగు రాత్రులు నార్వేలోని ట్రోమ్సోలో ఉంటాం. నా దగ్గరున్నది క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) డీఎస్‌ఎల్‌ఆర్, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు. కొత్త కెమెరా కొనాలా? సెట్టింగులు ఎలా పెట్టుకోవాలి?
– పాఠకుడు, హైదరాబాద్

కెమెరా కొనక్కర్లేదు. డబ్బు పెట్టదలిస్తే లెన్సు మీద పెట్టండి. అదీ కాదనుకుంటే మంచి ట్రైపాడ్ మీద పెట్టండి.

మీ లెన్సు 18 మి.మీ. దగ్గర ఎఫ్/3.5 వరకే తెరుచుకుంటుంది (ఈ అంకె తగ్గేకొద్దీ లెన్సు రంధ్రం, అంటే అపర్చర్, పెద్దదవుతుంది). ఎఫ్/1.8 లెన్సు దానికి దాదాపు నాలుగింతల వెలుగును లోపలికి పంపుతుంది. అంటే మీకు 8 సెకన్లు పట్టే ఫొటో అదే ఐఎస్‌ఓ (అందిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) దగ్గర ఆ లెన్సుకి 2 సెకన్లలో వచ్చేస్తుంది. అరోరా మెల్లగా పాకుతున్నంతసేపూ ఈ తేడా పెద్దగా కనబడదు. అది పరుగు అందుకున్నాక ఆ ఆరు సెకన్లే ఫొటోను పాడుచేస్తాయి. క్రాప్ సెన్సార్‌కి టోకినా 11-16 ఎఫ్/2.8, సామ్‌యాంగ్ 16 మి.మీ. ఎఫ్/2 లాంటివి అద్దెకు దొరుకుతాయేమో చూడండి. సామ్‌యాంగ్‌ది చేత్తో ఫోకస్ చేసుకునే లెన్సు. ఈ పనికి అది లోపమేమీ కాదు, ఎలాగూ చీకట్లో ఆటోఫోకస్ పనిచేయదు.

ఉన్న లెన్సుతోనే వెళ్తే మొదటి ఫొటోకి ఇలా పెట్టుకోండి. మోడ్ ‘ఎం’ (అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్), లెన్సు 18 దగ్గర, ఎఫ్/3.5, ఐఎస్‌ఓ 3200, షట్టర్ 8 సెకన్లు. జూమ్ జోలికి పోవద్దు. 55 దగ్గరికి వెళ్లేసరికి అపర్చర్ ఎఫ్/5.6కి కుంచించుకుపోతుంది. వైట్ బ్యాలన్స్‌ని 3800 కెల్విన్ దగ్గర కట్టేయండి. ఆటోలో వదిలేస్తే ఒక ఫొటో నీలంగా, పక్కది పసుపుగా వస్తుంది. ఫైలు తప్పనిసరిగా ‘రా’లోనే (కెమెరా కుదించని ముడి ఫైలు) తీయండి. లెన్సు మీది స్టెబిలైజర్ మీట ఆపేయండి, ట్రైపాడ్ మీద లేని కదలిక అదే తెచ్చిపెట్టగలదు. మెనూలో ‘లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్’ అని ఒకటుంటుంది, దాన్నీ ఆపాలి. అది ఆన్‌లో ఉంటే ప్రతి 8 సెకన్ల ఫొటో తర్వాత మరో 8 సెకన్లు షట్టర్ మూసుకుని చీకటి ఫ్రేము తీస్తూ కూర్చుంటుంది. మంచి అరోరా తెర ఒకటి ఆ ఎనిమిది సెకన్లలోనే వచ్చి పోవచ్చు. బటన్ నొక్కిన అదురు ఫొటోలోకి రాకుండా 2 సెకన్ల టైమర్ గానీ తీగ రిమోట్ గానీ వాడండి.

కెమెరా వెనక తెర వెలుగును బాగా తగ్గించుకోండి. చీకటికి అలవాటుపడిన కంటికి మామూలు వెలుగులో ప్రతి ఫొటో అద్భుతంగా, కావలసినంత ప్రకాశంగా కనిపిస్తుంది. హోటలుకొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే అంతా నల్లగా ఉంటుంది. నమ్మాల్సింది తెరను కాదు, హిస్టోగ్రామ్‌ని (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు; కుడివైపు ప్రకాశం, ఎడమవైపు చీకటి).

ట్రైపాడ్ నడిమి కడ్డీని పైకి లేపకండి. మంచులో కాళ్లను గట్టి నేల తగిలేదాకా దించి నొక్కండి. పైపైన నిలబెడితే పది నిమిషాల్లో ఒక కాలు మెల్లగా కుంగుతుంది, నక్షత్రాలన్నీ తోకలేసుకుంటాయి.

ఐస్‌లాండ్‌లో తీసిన నా ఫొటోలన్నీ తడిగుడ్డతో తుడిచినట్టు పచ్చటి పూతలా ఉన్నాయి. పక్కనే నిలబడి తీసిన స్నేహితుడి ఫొటోల్లో తెర మడతలు, నిలువు కిరణాలు విడివిడిగా ఉన్నాయి. కెమెరాలు ఒకటే. నేను పెట్టింది 20 సెకన్లు. ‘500 సూత్రం’ ప్రకారం అది సరైనదే కదా?
– పాఠకుడు, విశాఖపట్నం

ఆ సూత్రం నక్షత్రాలకు, అరోరాకు కాదు. 500ని లెన్సు మి.మీ.తో భాగిస్తే నక్షత్రాలు గీతలుగా సాగకుండా ఎన్ని సెకన్లు తీయొచ్చో సుమారుగా తెలుస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) మీద 24 మి.మీ. అయితే 20 సెకన్లు. నక్షత్రాలు గంటకు 15 డిగ్రీలు జరుగుతాయి. అరోరా కిరణాలు చురుగ్గా ఉన్నప్పుడు ఒకటి రెండు సెకన్లలోనే ఆకాశంలో చాలా దూరం దాటేస్తాయి. 20 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే ఇరవై రకాల మడతలు ఒకదాని మీద ఒకటి పడి పూతవుతాయి. మీ స్నేహితుడు బహుశా 3, 4 సెకన్లలో తీసి ఉంటారు.

అందుకే ముందు అరోరాను చూసి సెకన్లు నిర్ణయించుకోండి. ఆ తర్వాతే ఆ సెకన్లకు సరిపడా ఐఎస్‌ఓ పెంచండి. చాలామంది దీన్ని తిరగేసి, నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుందన్న భయంతో ఐఎస్‌ఓ 800 దగ్గర పెట్టి సెకన్లు పెంచుకుంటూ పోతారు. నాయిస్‌ని సాఫ్ట్‌వేర్ చాలావరకు తీసేస్తుంది. చెదిరిన మడతల్ని మళ్లీ పేర్చే సాఫ్ట్‌వేర్ లేదు.

ఎఫ్/2 చుట్టుపక్కల లెన్సుంటే సుమారు లెక్క ఇది. ఉత్తరాన కదలకుండా ఉన్న మసక వంపుకి 8 నుంచి 12 సెకన్లు, ఐఎస్‌ఓ 1600-3200. తెర మెల్లగా ఊగుతుంటే 4 నుంచి 6. నిలువు కిరణాలు పక్కకు పరిగెడుతుంటే 2 నుంచి 3. నడినెత్తిన విచ్చుకుని కిరణాలు అన్ని వైపులకీ చిమ్ముతుంటే, దాన్ని కరోనా అంటారు, 1 సెకను లేదా అర సెకను. అప్పుడు వెలుగే ఎక్కువుంటుంది కాబట్టి ఐఎస్‌ఓ 1600 చాలు. ఎఫ్/3.5 లెన్సున్నవాళ్లు ఐఎస్‌ఓ 6400కి వెళ్లడానికి వెనకాడొద్దు.

ఉన్నట్టుండి ప్రకాశం పెరిగినప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. అరోరా వెలుగులో పెద్దభాగం పచ్చ రంగు కాబట్టి ముందుగా పచ్చ ఛానెల్ నిండి పొర్లుతుంది. మామూలు హిస్టోగ్రామ్‌లో అది సరిగ్గా కనబడదు. మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిచి, పచ్చ గీత కుడిగోడకు ఆనకుండా చూసుకోండి. ఆనితే అరోరా తెర నడిమధ్య పాలిపోయిన పసుపు మచ్చలు పడతాయి, వాటిలో మళ్లీ వివరం రాదు. కింది అంచున పట్టుచీర జరీలా మెరిసే గులాబీ రంగు అలాంటి క్షణాల్లోనే వస్తుంది. 100 కిలోమీటర్ల కంటే కిందికి దూసుకొచ్చిన ఎలక్ట్రాన్లు నైట్రోజన్‌ని తాకితే పుట్టే రంగది. సెకన్లు ఎక్కువైతే అది పచ్చలో కలిసిపోయి కనబడకుండా పోతుంది.

ఫోకస్ రింగుని అనంతం గుర్తు దగ్గర పెట్టాను. అయినా నక్షత్రాలన్నీ చిన్న చిన్న గారెల్లా వచ్చాయి.
– పాఠకురాలు, రాజమండ్రి

ఆ గుర్తు చాలా లెన్సుల్లో నిజమైన అనంతం దగ్గర ఉండదు. రింగు దాన్ని దాటి కూడా తిరుగుతుంది. చలికి లెన్సు కుంచించుకోవడం వల్ల కూడా స్థానం కొంచెం జరుగుతుంది. లైవ్ వ్యూ (దృశ్యం వెనక తెర మీదే కనిపించే పద్ధతి) పెట్టి బాగా మెరిసే నక్షత్రాన్ని గానీ దూరపు వీధిదీపాన్ని గానీ తెర మధ్యకు తెచ్చి, 10 రెట్లు పెద్దది చేసి చూడండి. రింగుని అటూ ఇటూ వెంట్రుకవాసి తిప్పుతూ చుక్క అతి చిన్నదయ్యే చోట ఆపండి. అక్కడ ఒక టేపు ముక్క అంటించండి. టేపు హోటల్లోనే లెన్సు మీద సగం అంటించి ఉంచుకోవడం మేలు, చల్లటి లోహానికి జిగురు పట్టదు. గంటకోసారి, లెన్సుని తాకిన ప్రతిసారీ మళ్లీ సరిచూడండి. కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాలు ఆపి మళ్లీ ఆన్ చేస్తే పెట్టిన ఫోకస్‌ని మరిచిపోతాయి. మీది ఆ రకమా కాదా అన్నది ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి.

ఫొటో నడిమధ్యలో నీళ్లలో రాయి వేసినట్టు గుండ్రటి వలయాలు పడ్డాయి. లెన్సు పాడైందా?
– పాఠకుడు, కరీంనగర్

పాడవలేదు. లెన్సు ముందున్న యూవీ ఫిల్టర్ తీసేయండి, పోతాయి. అరోరా పచ్చ వెలుగు దాదాపు ఒకే ఒక తరంగదైర్ఘ్యం, 557.7 నానోమీటర్లు. అలాంటి ఏకవర్ణ కాంతి ఫిల్టర్ అద్దం రెండు ముఖాల మధ్య, లెన్సుకీ అద్దానికీ మధ్య అటూ ఇటూ ప్రతిఫలించి ఆ వలయాల్ని పుట్టిస్తుంది. పగటి వెలుగులో అన్ని రంగులూ కలిసుంటాయి కాబట్టి అవి కనబడవు. ఎంత ఖరీదైన ఫిల్టరైనా సరే, అరోరా రాత్రి దానికి సెలవివ్వండి. ఎడిటింగ్‌లో ఆ వలయాలు తీయడం తలకు మించిన పని.

మైనస్ 20 డిగ్రీల్లో కెమెరాని ఎలా కాపాడుకోవాలి? పోయినసారి బ్యాటరీ అరగంటలో చచ్చింది. గదిలోకి రాగానే లెన్సు లోపలంతా తేమ పట్టింది.
– పాఠకులు, విజయవాడ, బెంగళూరు

ట్రోమ్సో సముద్రం ఒడ్డునుంది కాబట్టి మరీ అంత చలి ఉండదు. మబ్బు లేని చోటు వెతుక్కుంటూ లోపలి లోయల్లోకి వెళ్తేనే మైనస్ 20 ఎదురవుతుంది. లప్లాండ్, అలాస్కా, కెనడాలోని ఎల్లోనైఫ్ అయితే ఇంకా కిందికి పోతుంది.

చలిలో బ్యాటరీ నిజానికి చావదు, లోపలి రసాయన చర్య మందగిస్తుంది. చచ్చిందనుకున్న బ్యాటరీని లోపలి చొక్కా జేబులో ఒంటికి ఆనించి పావుగంట ఉంచితే మళ్లీ కొంతసేపు నడుస్తుంది. కాబట్టి మూడు బ్యాటరీలు ఉంచుకుని, ఒకటి కెమెరాలో, రెండు ఒంటి వేడిలో, మార్చుకుంటూ వాడండి. కోటు బయటి జేబులో పెడితే ప్రయోజనం లేదు. విమానంలో విడి బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు చేతిసంచిలోనే పెట్టాలి, లగేజీలో వేయనివ్వరు.

ఇక తేమ. ఎండాకాలం ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకి చెమట పట్టడం చూశారుగా, అదే ఇది. చల్లబడ్డ కెమెరా వెచ్చటి గదిలోకి రాగానే గదిలోని తేమంతా దాని మీద, సందుల్లోంచి లోపలా నీరవుతుంది. మందు ఒకటే. బయట ఉండగానే మెమరీ కార్డు తీసుకోండి, ఫొటోలు చూసుకోవాలన్న ఆత్రం ఉంటుంది కదా. తర్వాత కెమెరాని పెద్ద జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి మూసి, ఆ కవర్ని సంచిలో వేసి అప్పుడు లోపలికి రండి. హీటర్‌కి దూరంగా నేల మీద రెండు గంటలు వదిలేయండి. తేమ కవరు మీద పడుతుంది, కెమెరా మీద కాదు. తెల్లారేదాకా కవరు విప్పకపోతే ఇంకా మంచిది. మధ్యమధ్య కారులో వెచ్చబడటానికి వచ్చేవాళ్లు కెమెరాని ట్రైపాడ్ మీద బయటే వదిలేయాలి, లేదా డిక్కీలో పెట్టాలి. లోపలికీ బయటికీ తిప్పుతుంటే మొదట తేమ, ఆపైన అదే గడ్డకట్టి మంచుపొర.

బయట ఉన్నప్పుడు లెన్సు ముందు అద్దం మీద నూగు మంచు పడుతుంది. ఫొటోలు క్రమంగా మసకబారుతుంటే ముందు దీన్నే అనుమానించండి. నోటితో ఊదారో, ఊపిరి అక్కడే గడ్డకట్టి పని రెట్టింపవుతుంది. మెత్తటి బ్రష్షుతో దులపండి. అసలు పడకుండా ఉండాలంటే యూఎస్‌బీతో నడిచే లెన్సు హీటర్ పట్టీని ముందు అద్దానికి దగ్గరగా చుట్టండి. 5 వాట్ల పట్టీ అయితే 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు మీద నాలుగైదు గంటలు నడుస్తుంది. పవర్‌బ్యాంకుకీ చలి పడదు, దాన్ని ఉన్ని సాక్సులో దూర్చండి. పట్టీ లేకపోతే చేతులు వెచ్చబెట్టుకునే పొడి సంచులు రెండు రబ్బరు బ్యాండుతో కట్టినా పని జరుగుతుంది. వాటిలోని ఇనుప పొడి గాలి తగిలితేనే వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌తో బిగించి చుట్టేయకండి.

చేతులకు లోపల పల్చటి తొడుగులు, వాటిపైన వేళ్లన్నీ కలిసుండే మందపాటివి వేసుకోండి. ట్రైపాడ్ అల్యూమినియందైతే పైకాళ్లకు స్పాంజి చుట్టి తీసుకెళ్లండి. ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుంటుంది.

యాప్‌లో కేపీ 2 అని చూపించింది. ఏమీ రాదని పడుకున్నాం. పక్క గదివాళ్లు అర్ధరాత్రి అద్భుతంగా చూశారట. ఆ అంకెను నమ్మొచ్చా?
– పాఠకురాలు, హైదరాబాద్

నమ్మొచ్చు, కానీ అది చెప్పేది మీరనుకున్నది కాదు. కేపీ అనేది భూమి మొత్తానికి మూడు గంటలకోసారి కట్టే సూచిక, 0 నుంచి 9 వరకు. అరోరా వలయం దక్షిణానికి ఎంత దూరం దిగిందో దాన్నిబట్టి అంచనా వేస్తారు. ట్రోమ్సో, స్వీడన్‌లోని అబిస్కో, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ మామూలు రోజుల్లోనే ఆ వలయం కిందో దగ్గరో ఉంటాయి. అక్కడ కేపీ 1, 2 చాలు. కేపీ 6, 7 కోసం ఎదురుచూడాల్సింది షికాగోలో ఉన్నవాళ్లు.

చూడాల్సింది బీజెడ్. సూర్యుడి నుంచి వచ్చే సౌరగాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందా దక్షిణానికి ఉందా అని అది చెబుతుంది. రుణసంఖ్య అయితే దక్షిణం, భూమి క్షేత్రంతో ముడిపడి తలుపు తెరుచుకున్నట్టే. మైనస్ 5 దాటి అరగంట నిలిస్తే కోటు తొడుక్కోండి. ఈ కొలతలు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడి వైపున్న ఎల్1 అనే బిందువు దగ్గరున్న ఉపగ్రహాల నుంచి వస్తాయి కాబట్టి మీకు దొరికే వ్యవధి సుమారు పావుగంట నుంచి గంట. (2023 సెప్టెంబర్ 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1 కూడా ఆ ఎల్1 చుట్టూనే తిరుగుతోంది.)

అంతకంటే ముందు మబ్బు. అరోరా కనీసం 90, 100 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, మబ్బు పదిలోపే. మబ్బు ఉంటే కేపీ 9 అయినా ఒకటే. నార్వేలో ‘వైఆర్’ వాతావరణ సూచనలో, ఐస్‌లాండ్‌లో అక్కడి వాతావరణ శాఖ మబ్బుల పటంలో గంటగంటకీ చూసుకోండి. ట్రోమ్సోలో మబ్బు పట్టినా లోపలి స్కిబోట్న్ వైపో, సరిహద్దు దాటి ఫిన్లాండ్‌లోని కిల్పిస్‌యార్వి వైపో తేటగా ఉండే రాత్రులు ఎక్కువ. అబిస్కోకి పడమటి కొండలు వాన మబ్బుల్ని అడ్డుకుంటాయి. నాలుగు రాత్రులే ఉన్నవాళ్లు ఒకే హోటలు కిటికీకి అతుక్కోవద్దు.

సాధారణంగా రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య అవకాశం ఎక్కువ. ఉత్తరాన మసక వంపు ఒకటి గంటసేపు కదలకుండా ఉంటే విసుగొచ్చి లోపలికి పోతారు. పోకండి. దాని కింది అంచు ప్రకాశం పెరిగి అలలు మొదలయ్యాయంటే నిమిషాల్లో విరుచుకుపడుతుంది. అసలు ఆట పది, ఇరవై నిమిషాలే ఉండొచ్చు.

ఫోన్‌తో వస్తుందా?
– చాలామంది పాఠకులు

వస్తుంది, చేత్తో పట్టుకోకపోతే. ఫోన్‌కి బిగించే క్లాంపు, చిన్న ట్రైపాడ్, 3 సెకన్ల టైమర్ ఉండాలి. ప్రధాన కెమెరానే వాడండి, 0.5 అని చూపించే అల్ట్రావైడ్‌ది చాలా ఫోన్లలో వెలుగు తక్కువ పట్టుకుంటుంది. ఐఫోన్ కదలకుండా ఉందని గ్రహిస్తే నైట్ మోడ్‌లో 30 సెకన్ల దాకా ఇస్తుంది. తీసుకోకండి, చురుకైన అరోరాకి స్లైడర్‌ని 3 సెకన్లకు తగ్గించండి. ప్రో మోడ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐఎస్‌ఓ 1600, 4 నుంచి 8 సెకన్లు, ఫోకస్ చేత్తో అనంతానికి పెట్టండి. పిక్సెల్‌లో ఆస్ట్రో మోడ్ నాలుగు నిమిషాల వరకు తీసిన ఫ్రేముల్ని కలుపుతుంది. నక్షత్రాలకు బాగుంటుంది, అరోరాని పచ్చడి చేస్తుంది. ఫ్లాష్ ఆగి ఉందో లేదో రెండుసార్లు చూడండి. మీ ఒక్క ఫ్లాష్‌తో పక్కన ట్రైపాడ్లు పెట్టుకున్న పదిమంది ఫ్రేములూ పోతాయి.

2024 మే 10న డాలస్‌లో మావాళ్లు ఎర్రటి అరోరా ఫొటోలు తీశారు. మా షికాగోలోనూ వచ్చిందట, నాకు కబురే అందలేదు. ఈసారి ఎలా సిద్ధంగా ఉండాలి?
– పాఠకుడు, షికాగో

ఆ రాత్రిది జీ5 భూ అయస్కాంత తుపాను (సౌరగాలి తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రంలో రేగే కలత; తీవ్రత జీ1 నుంచి జీ5 వరకు), 2003 అక్టోబర్ తర్వాత అదే మొదటిది. జీ1 అంటే కేపీ 5, అక్కడి నుంచి ఒక్కో మెట్టుకీ ఒక్కో అంకె, జీ5 అంటే 9. షికాగోలో ఉత్తర దిగంతం మీద కనబడాలంటే కనీసం జీ2, జీ3 కావాలి. డాలస్‌కి జీ4 పైనే. అమెరికా ప్రభుత్వ అంతరిక్ష వాతావరణ కేంద్రం పంపే హెచ్చరికల ఈమెయిల్‌కి పేరు నమోదు చేసుకుంటే కబురు అందలేదన్న బాధ ఉండదు.

దూరం నుంచి ఎరుపే ఎందుకు కనిపిస్తుందంటే, పచ్చ వెలుగు 100-150 కిలోమీటర్ల ఎత్తున పుడుతుంది, ఎరుపు 200 పైన. భూమి గుండ్రం కాబట్టి 110 కిలోమీటర్ల ఎత్తున్నది సుమారు 1,200 కిలోమీటర్ల దూరం దాటితే దిగంతం కిందికి దిగిపోతుంది. 300 ఎత్తున్నది 1,900 దాకా కనిపిస్తూనే ఉంటుంది.

ఈ ఎరుపుకి సెట్టింగులు వేరు. ఆ రంగునిచ్చే ఆక్సిజన్ పరమాణువు ఉత్తేజం పొందాక వెలుగు విడవడానికి సగటున దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటుంది, పచ్చకైతే సెకను లోపే. అందుకే ఎరుపు మెల్లగా, మసగ్గా కదులుతుంది. ఇక్కడ 10, 13 సెకన్లు పెట్టినా నష్టం లేదు. దిగంతం దగ్గరే ఉంటుంది కాబట్టి 24 నుంచి 35 మి.మీ. లెన్సు, ఎఫ్/2, ఐఎస్‌ఓ 1600-3200. కంటికి బూడిదరంగు మబ్బులా అనిపించొచ్చు. ఉత్తరం వైపు ఒక ఫొటో తీసి చూస్తే తేలిపోతుంది.

ఉత్తరాన ఊళ్లు లేని చోటు ముందే వెతికి పెట్టుకోండి. ఇండియానా డ్యూన్స్ ఒడ్డున ఉత్తరానికి మిషిగన్ సరస్సే ఉంటుంది, షికాగో వెలుగు మాత్రం వాయవ్యాన పడుతుంది, దాన్ని ఫ్రేములోంచి తప్పించాలి. ఓపికుంటే మిషిగన్ దిగువ ద్వీపకల్పం ఉత్తర కొనన మాకినా సిటీ దగ్గర హెడ్‌ల్యాండ్స్ డార్క్ స్కై పార్కు. డాలస్ వాళ్లకు లేక్ టెక్సోమా దక్షిణ గట్టు పనికొస్తుంది.

లద్దాఖ్‌లోని హాన్లేలో అరోరా కనిపించిందన్నారు. మన తెలుగు రాష్ట్రాల నుంచి ఎప్పటికైనా చూడగలమా?
– విద్యార్థి, వరంగల్

హాన్లేలో 2024 మేలోనూ, అదే ఏడాది అక్టోబర్ 10 తుపానుకీ ఎర్రటి కాంతి ఉత్తర దిగంతం మీద కెమెరాలకు చిక్కింది. సుమారు 4,500 మీటర్ల ఎత్తు, పొడి గాలి, చీకటి ఆకాశం, 32 డిగ్రీల పైన అక్షాంశం, ఇవన్నీ కలిస్తేనే అది. తెలుగు రాష్ట్రాల నుంచి ఆశ పెట్టుకోకండి. 1872 ఫిబ్రవరి 4 నాటి మహా తుపానులో బొంబాయిలో అరోరా కనిపించినట్టు రికార్డుంది. అలాంటిది మళ్లీ ఎప్పుడన్నది సూర్యుడి చేతిలో ఉంది.

లద్దాఖ్ వెళ్లేవాళ్లకి ఒక జాగ్రత్త. 30 సెకన్ల ఫొటోలో పచ్చటి చారలు కనబడగానే అరోరా అని పంచేయకండి. అది వాయుదీప్తి (ఎయిర్‌గ్లో, పై వాతావరణం తనంతట తానే వెదజల్లే మసక వెలుగు) కావచ్చు, మామూలు రాత్రుల్లోనూ ఉంటుంది. అదీ ఆక్సిజన్ పచ్చే. దక్షిణం, తూర్పు వైపు కూడా ఒక్కో ఫొటో తీయండి. అన్ని దిక్కుల్లోనూ దిగంతానికి కొంచెం పైన పచ్చ పట్టీలా ఉంటే వాయుదీప్తి. ఉత్తరాన మాత్రమే ఎర్రగా ఉండి, ఆ రాత్రి పెద్ద తుపాను నమోదై ఉంటే అరోరా కోవలోనిది.

ఫొటోలో అంత పచ్చగా ఉన్నది కంటికి తెల్లగా కనిపించింది. కెమెరా అబద్ధమా?
– పాఠకురాలు, తిరుపతి

కాదు. మసక వెలుగులో కంట్లో రంగు పోల్చే కణాలు పనిచేయవు, నలుపు తెలుపు కణాలే చూస్తాయి. అరోరా ప్రకాశంగా ఉంటే కంటికీ పచ్చగానే కనిపిస్తుంది. అబద్ధం మొదలయ్యేది ఎడిటింగ్‌లో. సాచురేషన్ (రంగుల గాఢత) జోలికి వెళ్లకుండా ముందు వైట్ బ్యాలన్స్ 3400-4000 మధ్య సరిచేయండి. మంచు నేల పచ్చగా మెరవడం సహజమే, నీడలు ఊదారంగుకి తిరిగితే టింట్ (పచ్చ, ఊదాల మధ్య సర్దుబాటు) ఎక్కువైనట్టు. చాలా ఫ్రేములు కలిపి నాయిస్ తగ్గించే పద్ధతి ఆకాశానికి పనికిరాదు, ఏ రెండు ఫ్రేముల్లోనూ అరోరా ఒకేలా ఉండదు. నేలకు మాత్రం వాడుకోవచ్చు.

కొత్తగా పెళ్లైన జంటం. అరోరా కింద ఇద్దరి ఫొటో దిగాలి. ఎలా?
– పాఠకులు, కాకినాడ

షట్టర్ 2, 3 సెకన్లకు తగ్గించండి, అంతసేపే మనిషి కదలకుండా నిలబడగలడు. పూర్తిగా ఊపిరి వదిలేసి నిలబడండి, లేకపోతే ముఖం ముందు ఆవిరి మబ్బు పడుతుంది. కెమెరాకి నాలుగైదు మీటర్ల దూరాన నిలబడితే ఎఫ్/2 దగ్గర ఆకాశానికి పెట్టిన ఫోకస్‌లోనే వైడ్ లెన్సులో ముఖాలు దాదాపు తేటగా వస్తాయి. వెలుగుకి ఫోన్ టార్చి మీద తెల్లటి చేతిరుమాలు రెండు మడతలు కప్పి, పక్కనుంచి సెకను పాటు చూపించి ఆర్పేయండి. చంద్రుడు సగం ఉన్న రాత్రి అయితే టార్చి అక్కర్లేదు, మంచు మీద పడ్డ వెన్నెలే చాలు. నల్లకోట్లు మాత్రం వద్దు, చీకట్లో కలిసిపోయి తలలే మిగులుతాయి.

న్యూజెర్సీ నుంచి లండన్ మీదుగా హైదరాబాద్ వస్తుంటాం. విమానం కిటికీలోంచి తీయొచ్చా? ఏ వైపు సీటు?
– పాఠకుడు, ఎడిసన్

ఇటు వచ్చేటప్పుడు ఎడమవైపు, అంటే ‘ఏ’ సీటు. తూర్పుకి ఎగురుతుంటే ఉత్తరం ఎడమన ఉంటుంది. రెక్క మీద కాకుండా ముందో వెనకో తీసుకోండి. సెప్టెంబర్ నుంచి మార్చి వరకు మంచి కాలం, వేసవిలో ఆ దారిలో చీకటే సరిగా పడదు. ఎఫ్/1.8 వైడ్ లెన్సు, ఐఎస్‌ఓ 6400, 1 లేదా 2 సెకన్లు. విమానం ఊగుతుంది కాబట్టి పది తీస్తే ఒకటి నిలుస్తుంది. లెన్సుని అద్దానికి అతి దగ్గరగా పెట్టండి, ఆనించకండి, అదురు ఎక్కుతుంది. విమానంవాళ్లిచ్చిన దుప్పటి తల మీదుగా కిటికీ చుట్టూ కప్పేసుకుంటే లోపలి వెలుగు అద్దంలో ప్రతిఫలించదు. బోయింగ్ 787 అయితే కిటికీకి తెర ఉండదు, బటన్‌తో అద్దమే నల్లబడుతుంది. రాత్రి సిబ్బంది అన్నిటినీ ఒకేసారి నల్లబరిచి తాళం వేస్తుంటారు. అడిగితే మీ ఒక్క కిటికీ విప్పడానికి వీలుంటుంది, దీపాలు ఆర్పకముందే అడిగిపెట్టుకోండి.